ఎత్తు పెంచగానే సరిపోదు!

జీపు ఎత్తు పెంచాలి... పెద్ద టైర్లు వేయాలి... రాళ్లూ రప్పలూ ఎక్కించాలి! ఆదివారం వస్తే చాలు, కుర్రకారు ముచ్చట ఇదే. బాగానే ఉంది. మరి పెంచిన ఎత్తుకు తగ్గ షాకప్ పొడవెంత? ఆ లెక్క తప్పితే ముచ్చట కాస్తా ముప్పవుతుంది. ఎలాగో తెలియాలంటే వరంగల్ రోడ్డు మీద బోడుప్పల్ దాకా వెళ్లొద్దాం రండి.

ఉప్పల్ రింగ్‌రోడ్డు. తల పైకెత్తితే మెట్రో, దాని పక్కనే 2023లో తెరిచిన స్కైవాక్. కింద యాదగిరిగుట్ట, హన్మకొండ బస్సుల కోసం ఎదురుచూసే జనం. ఆ సందడి దాటి తూర్పుకు సాగితే 163వ నంబరు జాతీయ రహదారి. అది కాగితాల మీది పేరు. జనం నోట ఎప్పటికీ వరంగల్ రోడ్డే! పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి... ఒక ఊరు ఎక్కడ ముగిసిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో పోల్చుకోలేం.

బోడుప్పల్ ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా ఘట్‌కేసర్ మండలంలో ఓ పంచాయతీ. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు కాలనీలయ్యాయి. 2019లో ఏకంగా కార్పొరేషన్ హోదా వచ్చింది. ఇల్లు కట్టుకున్నవారు ఇంటి ముందు కారు పెట్టుకున్నారు. కారు ఉన్నవారి కన్ను జీపు మీద పడింది!

ఆ మోజుకు ఈ రోడ్డూ ఓ కారణమే. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్లకు పైగా పొడవైన ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. పనులు ఏళ్ల తరబడి ఆగుతూ సాగుతూ వచ్చాయి. ఆ ఏళ్లలో పిల్లర్ల పక్కన గుంతల దారిలో వాన పడితే బండి నడపడం పరీక్షే. బండి కింద షాకప్ అనేది ఒకటుందని ఇక్కడి వాహనదారులకు ఎవరూ చెప్పక్కర్లేదు. నడుమే చెప్పింది!

మోస్తుందొకటి... ఆపేది మరొకటి

చాలామంది అనుకునేదేంటంటే, బండి బరువును షాకప్ మోస్తుందని. కాదు. బరువు మోసేది స్ప్రింగులు. పాత జీపులు, జిప్సీల్లో అయితే కమాన్ కట్టలు. గుంతలో పడ్డ చక్రాన్ని స్ప్రింగు పైకీ కిందికీ ఊపుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాకప్. గొట్టంలో నూనె ఉంటుంది. కడ్డీ చివర పిస్టన్‌కు సన్నని రంధ్రాలుంటాయి. కడ్డీ లోపలికీ బయటికీ కదిలినప్పుడల్లా నూనె ఆ రంధ్రాల్లోంచి కష్టంగా దూరుతుంది. ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. గతుకుల్లో పది కిలోమీటర్లు నడిపాక షాకప్ మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది అందుకే.

అంటే షాకప్‌కు రెండు కొలతలుంటాయి. కడ్డీ పూర్తిగా లోపలికి పోయినప్పుడు ఒకటి, పూర్తిగా సాగినప్పుడు ఇంకోటి. ఈ రెంటికీ మధ్య తేడానే దాని నడక. కంపెనీ బండిలో ఆ నడక మధ్యలో ఎక్కడో షాకప్ నిలబడి ఉంటుంది. పైకి కొంత, కిందికి కొంత చోటుంటుంది. ఎత్తు పెంచడంతో ఆ లెక్క చెదిరిపోతుంది.

పొట్టిదైతే... పొడవైతే...

కొత్త స్ప్రింగులతో బండిని రెండంగుళాలు లేపి పాత షాకప్‌లే ఉంచేశారనుకోండి. అవి నిలబడినచోటే దాదాపు పూర్తిగా సాగిపోయి ఉంటాయి. చక్రం గుంతలోకి దిగబోతే షాకప్ రానివ్వదు. చక్రం గాల్లో వేలాడుతుంది. పట్టు పోతుంది. ‘టక్‌’మని శబ్దం వినిపిస్తుంది. ఆ దెబ్బ ప్రతిసారీ షాకప్ బిగించిన చెవుల మీదే పడుతుంది. ఎన్నాళ్లో ఆగవు, ఊడొస్తాయి!

అయితే బాగా పొడవైనది వేస్తే పోలా అంటారా? అదీ ముప్పే. పొడవైన షాకప్ మూసుకున్నప్పుడూ పొడవుగానే ఉంటుంది. చక్రం రాయి ఎక్కి పైకి లేచినప్పుడు, దాన్ని ఆపడానికి చాసిస్ దగ్గర బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ ఉంటుంది. ఇరుసు ఆ దిమ్మను తాకకముందే షాకప్ మూసుకుపోతే బండి బరువంతా సన్నటి కడ్డీ మీదికొస్తుంది. కడ్డీ వంగుతుంది, లోపలి వాల్వు పగులుతుంది, బోల్టు తెగుతుంది. అదీ హైవే మీద జరిగితే? వెనక సీట్లో పిల్లలుంటే? మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని పెద్దలు ఊరికే అన్నారా!

అంగుళం అంగుళం లెక్కే

‘మాది రెండంగుళాల లిఫ్టు, దానికి సరిపడే షాకప్ ఇవ్వండి’ అని అడగడం మామూలే. కానీ ఆ ఒక్క మాట సరిపోదు. ఎందుకంటే లిఫ్టుల్లో రకాలున్నాయి. చాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే లేపారనుకోండి. షాకప్ ఉండేది చాసిస్‌కూ ఇరుసుకూ మధ్య. కాబట్టి దాని పొడవు మార్చాల్సిన పనే లేదు! కమాన్ కట్ట చివర షాకిల్‌ను రెండంగుళాలు పొడిగిస్తే బండి లేచేది దాదాపు ఒక్క అంగుళమే. ఏటవాలుగా బిగించిన షాకప్ చక్రం కదిలినంత కదలదు. అందుకే కొలత తీయాల్సింది బండి ఎత్తును కాదు, షాకప్ పై బోల్టుకూ కింది బోల్టుకూ మధ్య దూరాన్ని.

కొలతలు మూడు. మొదటిది మామూలుగా నిలబడినప్పుడు. ఎప్పుడూ ఎక్కే మనుషులు, సామాను ఉంటేనే ఇది సరైన లెక్క. రెండోది చక్రం పూర్తిగా పైకి లేచి, ఇరుసు బంప్ స్టాప్‌ను నొక్కినప్పుడు. మూడోది చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు. చివరి రెంటికీ షాకప్‌లు విప్పేయాలి. కాయిల్ స్ప్రింగు బండైతే రెండో కొలతకు స్ప్రింగునూ తీయాలి. ఈ పనంతా చాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాకే. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరితే ప్రాణానికే ప్రమాదం.

ఓ ఉదాహరణ చూద్దాం. లిఫ్టుకు ముందు రెండు బోల్టుల మధ్య దూరం 15 అంగుళాలు. కంపెనీ షాకప్ మూసుకుంటే 11.5, సాగితే 18. లిఫ్టు తర్వాత దూరం 17 అయింది. అంటే కిందికి దిగడానికి మిగిలింది ఒక్క అంగుళమే! పెద్ద టైరు మడ్‌గార్డుకు తగలకుండా బంప్ స్టాప్‌ను కూడా దించారు. ఇప్పుడు చక్రం పూర్తిగా లేస్తే దూరం 13.5, వేలాడితే 20.5 వచ్చిందనుకుందాం. దీనికి 13 అంగుళాలకు మూసుకుని, 21 దాకా సాగే షాకప్ సరిపోతుంది. రెండు వైపులా అరంగుళం వెసులుబాటు. 14.5 నుంచి 24 దాకా సాగేది చూడ్డానికి ఘనంగా ఉంటుంది. కానీ బంప్ స్టాప్‌కు అంగుళం ముందే మూసుకుపోతుంది.

బాగా పొట్టిగా మూసుకోవాలి, బాగా పొడవుగా సాగాలి అంటే కుదరదు. సాగే కడ్డీ అంతా మళ్లీ గొట్టంలోనే దాక్కోవాలిగా!

వేలాడదీసినప్పుడు ఇంకో సంగతీ చూడాలి. బ్రేకు గొట్టం బిగుసుకుపోతోందా? స్ప్రింగు తన గిన్నెలోంచి జారుతోందా? ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు పట్టేస్తోందా? వీటిలో ఏది ముందు అడ్డొస్తే అక్కడే చక్రాన్ని ఆపాలి. 2020లో వచ్చిన కొత్త థార్ సంగతి మరీ జాగ్రత్త. దాని ముందు చక్రాలు దేనికవే విడిగా కదులుతాయి. మరీ పొడవైన షాకప్ వేస్తే చక్రం అతిగా వేలాడి, యాక్సిల్ జాయింట్ల మీద భారం పడుతుంది. వెనక మాత్రం ఒకే గట్టి ఇరుసు. జిమ్నీకి ముందూ వెనకా గట్టి ఇరుసులే. అంటే పక్కింటి బండికి సరిపోయిన షాకప్ మన బండికి సరిపోవాలని లేదు!

చట్టం ఏమంటోంది?

తయారీ సంస్థ వివరాలకు, ఆర్సీకి భిన్నంగా బండిని మార్చకూడదంటోంది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు పడే అవకాశముంది. కాబట్టి స్పానర్ పట్టకముందే ఆర్టీఏ కార్యాలయంలో, బీమా సంస్థలో అడిగి తెలుసుకోవడం మేలు. పైగా ఎత్తు పెరిగిన బండి మలుపులో తూలడం ఎక్కువ. ఎంత ఖరీదైన షాకప్ అయినా దాన్ని పూర్తిగా పోగొట్టలేదు.

నిజానికి కంపెనీ థార్‌కే 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉంది. బోడుప్పల్ నుంచి ఇదే రోడ్డు పట్టుకుంటే ఘట్‌కేసర్, బీబీనగర్, ఆపైన భువనగిరి ఏకశిల కొండ. దక్కన్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు! ఇంకా ముందుకెళితే వరంగల్, ములుగు, ఏటూరునాగారం అడవులు. ఇవన్నీ చూసిరావడానికి లిఫ్టే అక్కర్లేదు. ముచ్చట తీరక చేయించుకుంటే మాత్రం అనుమతి ముందు, టేపు తర్వాత, షాకప్ ఆ తర్వాతే. అలాగైతే కుటుంబమంతా ధీమాగా బండెక్కొచ్చు!

టేపు పట్టే ముందు...
* బాడీ లిఫ్టా, స్ప్రింగు లిఫ్టా? ముందు తేల్చుకోవాలి.
* బోల్టు మధ్య నుంచి బోల్టు మధ్యకే కొలవాలి. నాలుగు చక్రాలకూ విడివిడిగా.
* షాకప్ మూసుకోకముందే ఇరుసు బంప్ స్టాప్‌ను తాకాలి.
* బిగించాక ఒక చక్రాన్ని రాయి మీదికి ఎక్కించి, నెమ్మదిగా అన్ని భాగాలూ చూసుకోవాలి.
* వారం తిరిగాక బోల్టులన్నీ మరోసారి బిగించాలి.