దిగితే గంట, ఎక్కితే రెండు గంటలు

నేను ఆరో తరగతిలో ఉండగా మా మాస్టారు "మీ ఊరు ఇక్కడికి ఎంత దూరంరా?" అని అడిగారు. "దిగితే గంట, ఎక్కితే రెండు గంటలండి" అన్నాను. మా ఇంట్లో అందరూ అలాగే చెబుతారు. "దూరం అడిగితే టైము చెబుతున్నాడు, అదీ రెండు రకాలుగా" అని ఆయన నవ్వారు. తరగతంతా నవ్వింది. చాలా రోజులు మళ్లీ నోరు విప్పలేదు.

నిరుడు మా బడికి గ్లోబు వచ్చింది. ఐదో తరగతి పిల్లలు దాన్ని తిప్పుతూ హైదరాబాద్ నుంచి లండన్ ఎంత దూరమని అడిగారు. దారం పెట్టి కొలిచి స్కేలు లెక్క కట్టాం. దాదాపు 7,700 కిలోమీటర్లు వచ్చింది. విమానం మధ్యలో ఎక్కడా దిగకుండా పోతే పది గంటలు పడుతుందని చెప్పి లెక్క ఇచ్చాను. జనవరిలో ఉదయం 8 గంటలకు బయల్దేరితే, దిగేసరికి లండన్ గడియారంలో ఎంత? చలికాలంలో లండన్ మనకంటే ఐదున్నర గంటలు వెనక. సాయంత్రం 6లోంచి అది తీసేసి మధ్యాహ్నం 12.30 అని చెప్పేశారు. (ఎండాకాలంలో వాళ్లు గడియారం ఒక గంట ముందుకు తిప్పుకుంటారు. అది ఇంకో రోజు చెబుదామని ఊరుకున్నాను.)

తిరుగు ప్రయాణం: లండన్‌లో మధ్యాహ్నం 2కి బయల్దేరితే? పది గంటలు, ఆపైన ఐదున్నర కలిపి, తెల్లవారుజాము 5.30 అని బోర్డు మీద నేనే రాశాను.

"మాస్టారూ, వచ్చేటప్పుడు కూడా పదేనా? అది ఎక్కుడా, దిగుడా?" అంది వెనక కూర్చున్న పిల్ల.

ఆకాశంలో ఎక్కుడేమిటి, దిగుడేమిటి అని నవ్వబోయాను. నవ్వు నోటిదాకా వచ్చి ఆగింది.

ఆ సాయంత్రం సిగ్నలు దొరికే బండ దగ్గరికి పోయి ఫోనులో విమానాల టైములు చూశాను. పోయేటప్పుడు పది గంటలు. వచ్చేటప్పుడు ఇంచుమించు తొమ్మిదే. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు పెద్దగాలి వీస్తుంది. ఒక్కోసారి గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. లండన్‌కి పోవడమంటే గెడ్డలో నీటికి ఎదురు నడవడం. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. దారం చూపించిన కిలోమీటర్లు కూడా ఖాయం కాదు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పటి నుంచి ఉక్రెయిన్ ఆకాశంలోకి ప్రయాణికుల విమానాలను రానివ్వడం లేదు. గెడ్డ పొంగినప్పుడు మనం పోయినట్టే అవీ చుట్టూ తిరిగి పోతున్నాయి.

ఆ పిల్లది బడికి కింద లోయలో ఉన్న ఊరు. రికార్డులో 3 కిలోమీటర్లు. ఆలస్యంగా వస్తోందని ఆ వారంలోనే రెండుసార్లు కోప్పడ్డాను.

మర్నాడు కూడా ఆలస్యంగానే వచ్చింది, రొప్పుతూ. గుమ్మంలోనే నిలబడిపోయింది. "రా అమ్మా. నువ్వు అడిగిందే సరి. వచ్చేటప్పుడు దిగుడే, తొమ్మిది గంటలు" అని సుద్దముక్క చేతికిచ్చాను. నా 5.30 చెరిపేసి 4.30 అని రాసింది.