ఏర్పేడులో సీజను టిక్కెట్టు లెక్క

గూడూరునుండి రేణిగుంటకు పోవు రైలుమార్గమున శ్రీకాళహస్తి దాటిన పిమ్మట ఏర్పేడు స్టేషను వచ్చును. తిరుపతి యాత్రికులలో పెక్కుమంది ఈ యూరిని కిటికీలోనుండి చూచి పోవువారే గాని ఇచ్చట దిగువారు కొద్దిమంది. మా అన్నగారు ఇచ్చట కాపురముండుటచే నాకు మాత్రము ఇది దిగవలసిన స్టేషనైనది. శివరాత్రికి శ్రీకాళహస్తీశ్వరుని సేవించుకొని మరునాడు వారి యింటికి వచ్చితిని. నాలుగు దినములుండి పోదమనుకొన్నదానను పండ్రెండు దినములుంటిని. దానికి కారణము ఒక టిక్కెట్టు.

ఊరు చిన్నదే. నాయుడుపేటనుండి తిరుపతికి పోవు రహదారియు, వెంకటగిరినుండి వచ్చు దారియు ఇచ్చట కలియును. పగలనక రాత్రియనక లారీలు పోవుచునే యుండును. స్వర్ణముఖీతీరమునందలి గుడిమల్లము ఈ మండలములోనిదే. అచ్చటి పరశురామేశ్వరాలయమందలి లింగము మన దేశమున నిలిచియున్న మిక్కిలి ప్రాచీన లింగములలో నొకటియని పండితుల మతము. ఊరిని ఆనుకొని వ్యాసాశ్రమము కలదు. మలయాళస్వామివారు దీనిని 1926లో స్థాపించిరి. 2015లో తిరుపతి పేర నేర్పడిన ఐ.ఐ.టి., ఐసర్ అను రెండు పెద్ద విద్యాలయముల శాశ్వతావరణములును ఈ మండలముననే వెలసినవి. కావున నేడు ఏర్పేడు వీధిలో కాషాయవస్త్రములును, కంప్యూటరు సంచులును ప్రక్కప్రక్కన నడచుచుండును.

నేను వచ్చిన నాటి సాయంకాలమే మా మేనకోడలు నన్ను పెరటిలోనికి పిలుచుకొని పోయెను. అది తిరుపతిలో డిగ్రీ మొదటి సంవత్సరము చదువుచున్నది. "అత్తా! చెన్నపట్టణమున చేపాకు మైదానములో ఈ యేటి క్రికెట్టు లీగు ఆటలన్నియు చూచుటకు ఒకే టిక్కెట్టు దొరకునని నా స్నేహితురాలు చెప్పినది. నాయన దండుగ అనుచున్నాడు. నీవు చెప్పిన వినును" అని చేతులు పట్టుకొనెను.

కొన్ని క్రీడాసంఘములు ఋతువు మొదటనే సొమ్ము గైకొని తమ మైదానమున జరుగు ఆటలన్నిటికి ఒకే కుర్చీని కేటాయించును. దీనినే సీజను టిక్కెట్టందురు. పూర్వము మన దేశమున ఐదు దినముల టెస్టు ఆటకంతకు ఇచ్చు టిక్కెట్టును గూడ ఈ పేరనే పిలిచెడివారు.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట నేను ఆ ప్రస్తావన తెచ్చితిని. అన్నయ్య నవ్వి, "ఆటను ఇంటిలో టీవీలో చూడవచ్చును గదా! కుర్చీకి అంత సొమ్మా?" అనెను. వదినగారు ఏమియు పలుకక పళ్ళెములు తీసికొని పోయిరి. నేను కాగితమును కలమును తెచ్చి, "దండుగయో కాదో లెక్క చూతము. మొదట నీ సీజను టిక్కెట్టు లెక్క చెప్పుము" అంటిని.

అన్నయ్య ఉద్యోగమునకై ప్రతిదినము రైలుమీద తిరుపతికి పోవును. ఆయన జేబులో నెలటిక్కెట్టు ఎల్లప్పుడు నుండును. రెండవ తరగతి నెలటిక్కెట్టు వెల 15 ఒంటి ప్రయాణముల ఛార్జీమీద కట్టబడినది. 2014 జూనులో దీనిని 30 ప్రయాణములకు పెంచదలచిరి గాని ప్రజలు గగ్గోలు పెట్టగా విరమించుకొనిరి. పోవుటొకటి, వచ్చుటొకటి గనుక ఎనిమిదవ దినమున ఆ టిక్కెట్టు వెల తీరిపోవును. ఆ మీది ప్రయాణములన్నియు లాభమే. మూడు నెలల టిక్కెట్టు వెల నెలదానికి 2.7 రెట్లు. డిగ్రీ ముగియువరకు ఆడపిల్లలకు ఇంటినుండి కళాశాలకు రెండవ తరగతి నెలటిక్కెట్టు ఉచితముగ నిత్తురు. మేనకోడలికి అదియు కలదు. ఈ సంగతి ఎరుగని తల్లులు స్టేషనులో విచారింపవలయును.

సీజను టిక్కెట్టు ఏదైనను లెక్క ఇదియే. వెలను అమ్మువాడు చెప్పిన దినములచే గాక, మనము నిశ్చయముగ పోగల దినములచే భాగింపవలయును. జ్వరములు, పండుగలు, చుట్టముల రాక, పరీక్షలు ముందే తీసివేయవలయును.

ఈ లెక్కను చేపాకునకు వేసితిమి. ఆ మైదానము సామాన్యమైనది కాదు. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమువాడగు సి. కె. నాయుడుగారి నాయకత్వమున భారతజట్టు 1934లో ఇంగ్లండు జట్టుతో టెస్టు ఆడినది అక్కడనే. 1952లో మన దేశము తన మొట్టమొదటి టెస్టు విజయమును పొందినదియు అక్కడనే. దానిని కన్నులార చూడవలెనని పిల్ల కోరుటలో తప్పేమి? కాని ఏర్పేడునుండి రేణిగుంట, అరక్కోణముల మీదుగ చెన్నపట్టణము సుమారు 150 కిలోమీటర్లు. ఇటీవలి లీగులలో ఒక్కొక్క జట్టునకు 14 ఆటలుండగా స్వంత మైదానమున 7 ఆటలు ఏర్పరచుచున్నారు. అనగా 2,100 కిలోమీటర్ల రాకపోకలు. ఆటలు పెక్కు రాత్రి 7:30 గంటలకు మొదలై పదునొకండు గంటల ప్రాంతమున ముగియును. ఆ రాత్రి అక్కడ నిలువవలయును. తోడుగ ఒకరు పోవలయును. అనగా రెండవ టిక్కెట్టు. ఏప్రిలు, మే నెలలలో దానికి పరీక్షలు.

మరియు ఏడాటలును అక్కడనే జరుగునను హామీ లేదు. 2018లో కావేరీజలముల ఆందోళనచే చెన్నై జట్టు ఒక్క ఆటమాత్రము చేపాకున ఆడెను. తక్కిన ఆరును పూనాకు తరలిపోయినవి. 2022లో కరోనా కారణముగ లీగు ఆటలన్నియు బొంబాయి, పూనాలలోనే జరిగినవి. 2025లో మే నెలలో లీగు కొన్ని దినములు నిలిచిపోగా, చేపాకున జరుగవలసిన చివరి ఆట ఢిల్లీకి మారినది. ఆ ఆటల సొమ్ము తిరిగి యిత్తురా, యెట్లిత్తురు అని కొనకముందే అడిగి తెలిసికొనవలయును.

అన్నియు తీసివేయగా మిగిలినవి రెండాటలు. రెండాటలకై ఏడాటల సొమ్ము కట్టుట తెలివి గాదు. ఈ మాట మేనకోడలే చెప్పి కాగితము మడచి నాకిచ్చెను. దాని కన్నులలో నీరు తిరిగినది. అప్పుడు వదినగారు వంటయింటి గడపనుండి మెల్లగ నిట్లనిరి: "లెక్క సరియే గాని, దానికి కావలసినది కుర్చీ గాదు. టిక్కెట్టు చేతిలోనుండిన ఆ దినమున ఎవ్వరును దానిని వేరు పనికి పిలువరు. అన్నయ్యగారి టిక్కెట్టు చూచి ఈ యింటిలో ఎవరైన నేడు పోవలదని యనిరా?"

ఆ మాటకు మేమెవ్వరము బదులు చెప్పలేకపోతిమి.

మరునాటి సంజవేళ నేనును వదినగారును వ్యాసాశ్రమమునకు పోతిమి. మలయాళస్వామివారు కేరళదేశమునుండి వచ్చి, తిరుమలకొండపై గోగర్భమున తపస్సు చేసి, పిమ్మట ఇచ్చట నిలిచినవారు. స్త్రీలకును, అన్ని కులములవారికిని వేదాంతవిద్యయందు అధికారము కలదని ఆ కాలముననే బోధించి, 1962లో సిద్ధి పొందిరి. చెట్లనీడలో కూర్చుండి వదినగారు తమ సంగతి చెప్పిరి. పెండ్లికి ముందు బడిలో షటిల్ ఆడి బహుమతి పొందిరట. ఇరువది యేండ్లుగా బ్యాటు పట్టలేదు. ఎవరును వలదనలేదు. "రేపు, రేపు" అనుచుండగనే కాలము గడచినది. చదువునకు అధికారము కలదని చెప్పుటకు ఒక స్వామివారు కావలసివచ్చిరి. సాయంకాలము ఒక గంట తనదని చెప్పుకొనుటకు ఇల్లాలికి ఏమి కావలయును? వదినగారి ప్రశ్న నాకప్పుడు పూర్తిగ బోధపడినది.

మూడవనాడు ముగ్గురము బస్సెక్కి తిరుపతికి పోతిమి. 2025 ఆగస్టు 15నుండి స్త్రీశక్తి పథకముచే మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు ఆర్టీసీ బస్సులలో ఛార్జీ లేదు. ఆధారుకార్డు చూపిన చాలును. దారి ఇరువది కిలోమీటర్లకు కొంచెము పైబడియుండును. రేణిగుంట దాటగనే ఏడుకొండలు కుడివైపున నిలిచి కనబడును. ఇంతకాలము మేము ఆ కొండలను మ్రొక్కుటకే చూచితిమి గాని, వాని నీడలో ఆటలాడు స్థలములు గలవని తలపనైన తలపలేదు.

తిరుపతిలో శ్రీ శ్రీనివాస క్రీడాసముదాయమును, 1954లో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు మైదానమును కలవు. మేము మేనకోడలి కళాశాలకు చేరువనున్న ఒక చిన్న షటిల్ ఆవరణమునకు పోతిమి. అచ్చట దినపు రుసుము వేరు, నెలచందా వేరు. నెలచందా పది దినముల రుసుమునకు సమానము. పదునొకండవ దినమునుండి లాభము. నేను నాలుగు ప్రశ్నలడిగితిని. స్త్రీలకు ప్రత్యేకమైన వేళ కలదా? నేర్పువారు ఏ దినములలో నుందురు? మూసివేసిన దినములకు గడువు పొడిగింతురా? బట్టలు మార్చుకొను గదికి లోపలి గడియ యున్నదా? ఇట్టి సీజను టిక్కెట్టు కొనబోవు సోదరీమణులందరు ఈ నాలుగును తప్పక అడుగవలయును. నాల్గవదానిని అడుగుటకు సిగ్గుపడవలదు.

ఇంటికి వచ్చి చెప్పగా అన్నయ్య, "చీకటి పడిన పిమ్మట ఆ లారీలదారిని పిల్ల ఒంటరిగ ఎట్లు వచ్చును?" అనెను. అది వట్టి సాకు గాదు, తండ్రి భయము. దానిని త్రోసివేయరాదు. పి. వి. సింధు చిన్ననాడు శిక్షణకై రోజునకు 56 కిలోమీటర్లు పోయి వచ్చెడిదని పత్రికలు వ్రాసినవి. ఆమె 2016లో రియోలో వెండిపతకమును, 2021లో టోక్యోలో కంచుపతకమును తెచ్చినది. మన ప్రక్కనున్న కడపజిల్లా పిల్ల శ్రీచరణి 2025 నవంబరు 2వ తేదీన ప్రపంచకప్పు గెలిచిన భారత మహిళల జట్టులో బంతి వేసినది. వీరి వెనుకను చీకటికి భయపడిన తల్లిదండ్రులు ఉండియే యుందురు. మేనకోడలు పతకములు తేనక్కరలేదు. అయినను దూరమును, చీకటిని ఇంటివారందరు పంచుకొన్నచో భారము తగ్గును.

చివరకిట్లు నిశ్చయించితిమి. చేపాకునకు సీజను టిక్కెట్టు వలదు. పరీక్షలు ముగిసిన పిమ్మట తండ్రియు కూతురును ఒక్క యాటకు పోయివత్తురు. షటిల్ ఆవరణమునకు మాత్రము రెండు నెలచందాలు, ఒకటి కూతునకు, ఒకటి తల్లికి. పిల్ల కళాశాలనుండి నేరుగ అచ్చటికి పోవును. వదినగారు వీలైన దినములలో సాయంకాలము బస్సులో వచ్చి కలిసికొందురు. ఆమె రాలేని దినమున అన్నయ్య కచ్చేరి విడిచి కూతును వెంటబెట్టుకొని వచ్చును. మూడు నెలల చందా చౌకయని ఆవరణమువారు చెప్పినను, అలవాటు నిలుచునో లేదో చూచుకొనుటకు ఒక నెలకే కట్టితిమి. మొదటి వారము చూచి నేను మా యూరికి బయలుదేరితిని.

నెల ముగిసినపిమ్మట వదినగారినుండి జాబు వచ్చినది. మేనకోడలు పదునేడు దినములు పోయినది. ఏడు దినముల రుసుము మిగిలినది. వదినగారు తొమ్మిది దినములే పోగలిగిరి. ఒకసారి అత్తగారికి జ్వరము, ఒకసారి చుట్టములు, ఒకసారి బస్సు తప్పినది. లెక్కప్రకారము ఆమెకు ఒక దినపు రుసుము నష్టము. అన్నయ్య ఆ మాట యెత్తగా ఆమె చెప్పిన బదులును జాబులో వ్రాసిరి: "కిందటి యేడు ఈ తొమ్మిది దినములు నాకు లేవు."

రెండవ నెలచందా అన్నయ్యయే కట్టి వచ్చెనట.

కావున సోదరీమణులారా! సీజను టిక్కెట్టు కొనవచ్చునా యని మిమ్మెవరైన అడిగిన, మొదట కాగితము తీసికొని దినములు లెక్కింపుడు. దూరమైనది, ఇతరులు ఆడునది, మన చేతిలో లేనిది అయినచో ఒక్కొక్క దినమునకు కొనుటయే మేలు. దగ్గరిది, మనము స్వయముగ ఆడునది అయినచో లెక్క సరిసమానముగ వచ్చినను, ఒక దినము తక్కువైనను కొనుడు. ఆ తగ్గిన దినపు వెల, తక్కిన దినములు మీవి యని ఇంటిలో అందరును ఒప్పుకొనుటకు కట్టిన రుసుమనుకొనుడు.