ఉప్పునీటి తొట్టికి వడపోత

మంచినీటి చేపలను పెంచుట యొక విద్య. ఉప్పునీటి చేపలను పెంచుట మఱియొక విద్య. మొదటిది మన మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతముల బాలురకు క్రొత్తది గాదు. శామీర్‌పేట చెఱువు గట్టున నాడుకొనినవారిలో, సీసాలో చేపపిల్ల నుంచుకొని యింటికి దేనివా రరుదు. రెండవది మాత్రము మనకు దూరపు విద్య. సముద్రము మనకు దారివెంట 300 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. మన బోరుబావులలోనిది రాతినేల లవణములు కరగిన కఠినజలమే గాని సముద్రజలము గాదు.

మా పాఠశాల విజ్ఞానశాస్త్రపు గదిలో 100 లీటర్ల నీరు పట్టు గాజు తొట్టి యొకటి కలదు. అందు పగడపు దిబ్బను బోలిన రాళ్లను పేర్చి, వాని నడుమ రెండు క్లౌన్ చేపల నుంచవలెనని తొమ్మిదవ తరగతి విద్యార్థులును మేమును దలపెట్టితిమి. నీటిని శుభ్రపఱచు సాధనములు మూడు విధములవి మా యెదుట నుండెను. మూటిని గొనుటకు చాలినంత ధనము లేదు. కావున వానిలో దేని నెన్నుకొనవలె నను విచారము గలిగెను. ఆ విచారమునే చదువరుల ముందుంచుచున్నాము.

వడపోత యనగానే మనకు బట్టలో వడగట్టిన నీరు తలపునకు వచ్చును. తొట్టిలో ముఖ్యమైన మాలిన్యము కంటికి గనబడునది గాదు. చేప విడుచు వ్యర్థమునుండియు, తినక మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. సముద్రజలపు క్షారగుణమువలన ఈ విషము మంచినీటిలో కంటె నచ్చట నెక్కువ తీవ్రమగును. కొన్ని జాతుల సూక్ష్మజీవులు దీనిని నైట్రైటుగాను, మఱికొన్ని నైట్రైటును నైట్రేటుగాను మార్చును. వీనిని వేఱుపఱచి చూపిన ఘనత రష్యా దేశీయుడగు సెర్గే వినోగ్రాడ్‌స్కీది. అది 1890వ సంవత్సరపు మాట. ఈ జీవులు నీటిలో తేలుచుండుటకంటె రాతిని, ఇసుకను, స్పాంజిని అంటుకొని బ్రతుకుట కిష్టపడును. వీనికి ప్రాణవాయువు కావలెను. ఇంతమాత్రము తెలిసినచో, కొనబోవునది వడపోత యంత్రము గాదనియు, సూక్ష్మజీవులకు నివాసమనియు బోధపడును.

ఇక సాధనములు. మొదటిది క్యానిస్టరు ఫిల్టరు. ఇది మూతవేసిన డబ్బా. పంపు నీటిని లోని స్పాంజిలగుండ త్రోయును. నీరు త్వరలో తేటపడును. చూచుటకు మిక్కిలి యింపుగా నుండును. కాని స్పాంజిలో జిక్కిన మురికి తొట్టిని విడిచి పోలేదు. అది కండ్లకు గనబడని చోట క్రుళ్లుచునే యుండును. దానిని తఱచుగా విప్పి కడుగకున్న నైట్రేటు పెరుగును.

రెండవది ప్రోటీన్ స్కిమ్మరు. ఒక గొట్టములో సన్నని గాలిబుడగలను పుట్టించి నీటిని వానితో గలుపుదురు. చేపల వ్యర్థములోని జిగట పదార్థములు బుడగల నంటుకొని నురుగై పైకెక్కి వేఱొక గిన్నెలో పడును. ఉప్పునీటిలో బుడగలు సన్ననివై నిలుచును గనుక ఈ యుపాయ మచ్చట ఫలించును. మంచినీటిలో నంతగా ఫలింపదు. తక్కిన సాధనములు అమ్మోనియా పుట్టిన పిమ్మట పనిచేయగా, ఇది క్రుళ్లవలసిన దానిని క్రుళ్లకమునుపే బయటికి దీయును. నీటికి గాలినిగూడ నిచ్చును.

మూడవది రాయి. 1961లో జకార్తా నగరవాసియగు లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్లను, గాలిబుడగలను మాత్రమే నమ్మి దిబ్బ జీవులను పెంచు పద్ధతిని వ్రాసి ప్రకటించెను. రంధ్రములు గల రాతి పైపొరలలో ప్రాణవాయువు గోరు జీవులును, లోపలి భాగములలో ప్రాణవాయువు లేకయే నైట్రేటును వాయువుగా మార్చి విడుచు జీవులును నుండును. రాయికి తీగ లేదు, చక్రము లేదు.

మేము మూటి గుణములను నల్లబల్లపై వ్రాసి చర్చించుచుండగా ఒక విద్యార్థిని లేచి, “సార్, కరెంటు పోయినప్పుడు వీనిలో నేది పనిచేయును?” అని యడిగెను. అంతవఱకు నీటి తేటను, వెలను మాత్రమే తూచుచుండిన తరగతికి ఆ ప్రశ్న క్రొత్త త్రాసయ్యెను. మన ప్రాంతమున వేసవి చివరి గాలివానలకు కొమ్మలు విఱిగి తీగలు తెగుట చూడనివారు లేరు. కరెంటు పోయినయెడల మూతవేసిన క్యానిస్టరులో నీరు కదలదు; లోని జీవులు మిగిలిన ప్రాణవాయువును త్వరలోనే వాడుకొని చావసాగును. చాల గంటలకు కరెంటు తిరిగి రాగానే ఆ చెడిన నీరు చేపలమీద బడును. స్కిమ్మరు ఊరక నిలిచిపోవునే గాని కీడు చేయదు. రాయి తొట్టిలోనే యుండును గనుక, నీటిని కొంచెము కదల్చినంతమాత్రమున దాని జీవులు బ్రతుకును. వెచ్చని నీరు చల్లని నీటికంటె తక్కువ ప్రాణవాయువును పట్టుకొనును. ఉప్పునీరు మంచినీటికంటె తక్కువ పట్టుకొనును. వేసవిలో మన తొట్టికి ఈ రెండు కొఱతలును గలవు.

రాయియే మేలని తేలెను. అయితే ఏ రాయి? సముద్రమునుండి తీసిన జీవముగల రాయి చాలవఱకు పగడపు కంకాళమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001వ సంవత్సరమున దిబ్బలు గట్టు పగడములను చేర్చిరి. వానిని తెచ్చుటయు నమ్ముటయు నేరము. మాకును ఒకచోట చాటుగా అట్టి రాతిని జూపి, “మూడు దినములలో తొట్టి సిద్ధమగును” అనిరి. పిల్లల కన్నులు మెఱసినవి. మన్నారు సింధుశాఖలో పెఱికిన దిబ్బ తిరిగి పెరుగుటకు ఎన్నేండ్లు పట్టునో పాఠము చెప్పినవారమే దానిని గొనితెచ్చి గదిలో నుంచినయెడల, ఆ పాఠమునకు విలువ యెక్కడిది? రిక్తహస్తములతో వచ్చితిమి.

పిమ్మట రంధ్రములు గల పొడి సున్నపురాతిని కొంటిమి. ఆర్.ఓ. నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాములవంతున సముద్రపు లవణమిశ్రమమును గలిపి తొట్టి నింపితిమి. అందు సూక్ష్మజీవుల ద్రావణమును, చిటికెడు మేతను వేసి వేచియుంటిమి. విద్యార్థులు వంతులవారిగా అమ్మోనియాను, నైట్రైటును పరీక్షించి పుస్తకములో నెక్కించిరి. అమ్మోనియా పెరిగి తగ్గెను. ఆపై నైట్రైటు పెరిగి తగ్గెను. ఆఱు వారములు చేపలేని తొట్టిని జూచుట పిల్లలకు కష్టమే. ఆ రెండు అంకెలును సున్నకు వచ్చిన పిమ్మటనే హేచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపలను తెచ్చితిమి. ఈ చేపలను గ్రుడ్డునుండి పెంచు విధానమును మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు రూపొందించి యున్నారు.

మిగిలిన ధనముతో చిన్న స్కిమ్మరును, బ్యాటరీతో నడచు గాలి పంపును దీసికొంటిమి. వారమునకు 10 లీటర్ల నీటిని మార్చుచున్నాము. ఆవిరియైన నీటికి బదులు మంచినీటినే పోయుచున్నాము. ఆవిరితో ఉప్పు పోదు గదా. గత వైశాఖమున నొక సాయంకాలము గాలివానకు కరెంటు పోయి అయిదు గంటలవఱకు రాలేదు. ఆ చిన్న గాలి పంపు బుడబుడలాడుచుండగా కాపలాదారు లాంతరు పట్టుకొని కూర్చుండెను. ఉదయమున చేపలు రెండును మేతకు పైకి వచ్చినవి.

ఇట్టి తొట్టిని పెట్టదలచిన విద్యార్థులకు మా మనవి యిది. అంగడికి పోకముందే మీ యింట కరెంటు ఎన్నిగంటలు పోవునో, సెలవులలో తొట్టిని ఎవరు చూతురో, వారమునకొకమాఱు నీరు మోయువారెవరో కాగితముపై వ్రాసికొనుడు. ఈ మూడు ప్రశ్నలకు సమాధానము దొరకినచో వడపోత దానియంతట నదియే తేలును. సమాధానము లేనియెడల తొట్టిని మఱియొక యేటికి వాయిదా వేయుడు. ఆఱు వారములు ఖాళీ తొట్టిని ఓపికతో చూడగలవాడు చేపను బ్రతికింపగలడు.