మంటగూటి చెక్క

ఆ గిటార్ మెడ ఒకప్పుడు ఎవరింట్లోనో చలిమంట గూటి మీది చెక్క. నూరేళ్లు దాటిన మహాగని. పురుగు తొలిచిన కన్నాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. 1963లో లండన్ శివారులో, మంచి గిటార్ కొనే స్తోమత లేక, కుర్రాడు బ్రయాన్ మే తండ్రితో కలిసి దాన్ని చెక్కడం మొదలెట్టాడు. స్ప్రింగులు పాత మోటార్‌సైకిల్‌వి. మెడ మీది చుక్కలేమో అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు.

గిటారిస్ట్ హ్యాంక్ మార్విన్ వాయింపు వింటూ పెరిగిన చెవి అతనిది. ప్లాస్టిక్ పిక్ అతనికి నచ్చదు, ఆరు పెన్నీల నాణెంతో మీటుతాడు. నాణెం అంచు తీగను గీరుకుంటుంది, స్వరానికి కాస్త జీర వస్తుంది. నాకిష్టం ఆ జీరే.

అతని బృందం క్వీన్ పాటల్లో ఆ ఒక్క గిటారే పొరలు పొరలుగా పెద్ద మేళమైపోతుంది. అలాంటిది, 1977లో 'వి విల్ రాక్ యు' కట్టినప్పుడు దాన్నే పక్కన కూర్చోబెట్టాడు. తొక్కుడూ చప్పట్లూ గొంతులూ, అంతే. చేతులారా చేసుకున్న వాద్యాన్ని అంతసేపు ఊరకే ఉంచడం ఎంత నిబ్బరం! పాట కట్టేవాడికి ఏది పెద్ద విద్య, వాయించడమా, ఆగడమా?

ఈసారి ఆ పాట వింటే మధ్యలో ఆపేయకండి. గిటార్ వచ్చేది చివర్లోనే.