వీర్రాజు భయాలు

మహాభారతంలో చివరి కుక్క అందరికీ గుర్తే. ధర్మరాజు వెంట స్వర్గం గుమ్మం దాకా వెళ్లింది కనక. మొదటి కుక్క సంగతి ఎవరికీ పట్టదు. ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తూంటే, సరమ అనే దేవశునకం కొడుకు అటుకేసి వెళ్తాడు. హవిస్సు ముట్టుకోడు, కనీసం దానివంక చూడనైనా చూడడు. అయినా రాజుగారి తమ్ముళ్లు వాణ్ణి చావగొడతారు. తల్లి వచ్చి నిలదీస్తే ఒక్కరూ నోరు మెదపరు. కనపడని భయమేదో నిన్ను పట్టుకుంటుంది పొమ్మని శపించి వెళ్లిపోతుందావిడ.

రాజుగారి మాటెలా ఉన్నా, అచ్చం అలాంటి భయమే పట్టుకున్న కుక్క ఒకటి మా ఇంటికొచ్చింది. స్కూటరు గుద్ది కాలు విరిగితే పశువుల డాక్టరుగారు కట్టుకట్టి, "మళ్లీ రోడ్డుమీద వదిలితే బతకడండీ" అన్నారు. రెండేళ్ల వయసుంటుందిట. చెవి కొస కత్తిరించి ఉంది. అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ, రేబిస్ టీకా అయ్యాయని గుర్తన్నమాట. మా ఆవిడ ముచ్చటపడి వీర్రాజని పేరు పెట్టింది. ఆ వీరుడు కాస్తా వస్తూనే మంచం కింద దూరి, పగటిపూట బయటికి రావడం మానేశాడు. చీపురంటే భయం, గొడుగంటే భయం, కుక్కరు ఈలంటే భయం, హెల్మెట్టంటే మరీ భయం. దొంగంటే కూడా భయమేనా అన్నది మాత్రం తేలలేదు, దొంగ ఇంకా రాలేదు గనక.

సలహాలకి మనకేం లోటు! "మెడకి గొలుసేసి బజార్లోకి ఈడ్చుకెళ్లు బావా, రెండ్రోజుల్లో అదే అలవాటవుతుంది. నీళ్లలోకి తోస్తేనే కదా ఈతొచ్చేది" అన్నాడు మా బావమరిది. నీళ్లలోకి తోస్తే ఈతొచ్చినవాళ్లే ఆ మాట చెబుతారు. రానివాళ్లు వచ్చి చెప్పలేరు కదా.

అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అని ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏళ్లతరబడి కుక్కపిల్లల్ని పెంచి చూసి, 1965లో పెద్ద పుస్తకమే వేశారు. పుట్టిన 3వ వారం నుంచి 12వ వారం దాకా పిల్ల ఏవేవి చూస్తుందో, ఎవరి చేతుల్లో మెలుగుతుందో, అవే దానికి మామూలు లోకం. ఆ తరవాత ఎదురయ్యే ప్రతి కొత్తదీ అనుమానమే. వీర్రాజు ఆ వారాల్లో మనుషుల్ని చూసే ఉంటాడు. ఎలాంటి మనుషుల్నో చీపురు కనపడగానే తోక కాళ్లమధ్య పెట్టుకోవడంలో తెలిసిపోతోంది. వయసు దాటిపోయాక ఇంక మారడని కాదు. మనకి ఓపికుండాలి, అంతే.

డాక్టరుగారు చెప్పిన కిటుకు వింటే నవ్వొస్తుంది. చీపుర్ని వసారాలో ఒక మూల పడేసి, పదడుగుల దూరంలో వీర్రాజుకి పెరుగన్నం పెట్టడం. తింటే రేపు అడుగు దగ్గరికి జరపడం. తినకపోతే ఇంకాస్త వెనక్కి. ఆకలేసిన కుక్క అన్నం ముందు పెట్టుకుని ముట్టడంలేదంటే, భయం ఆకలిని మించిందన్నమాట. కుక్క భయాన్ని కొలవడానికి ఇంతకన్నా మంచి తూనిక నాకు కనిపించలేదు. ఆవలించినా, ఊరికే మూతి నాక్కున్నా, మొహం పక్కకి తిప్పుకున్నా నిద్రనీ ఆకలనీ అనుకుంటాం. "ఇక చాల్లెండి బాబూ" అని బతిమాలుకోవడంట!

పది రోజులకి చీపురు పళ్లెం పక్కకి చేరింది. పడున్న చీపురు వేరు, మనిషి చేతిలో లేచిన చీపురు వేరు. అంచేత మళ్లీ పదడుగుల నుంచీ మొదలు. ఈసారి మా పనమ్మాయి చీపురు చేత్తో పట్టుకుని, వాడివంక చూడకుండా, ఓ పక్కకి తిరిగి కూచునేది. కుక్క కళ్లలోకి గుచ్చి చూస్తే అది ప్రేమనుకోదు, తగువనుకుంటుంది. మీదకి వంగి నెత్తి నిమరబోయినా అంతే. మూడు వారాలు ఇల్లు సగమే ఊడ్చాం. చుట్టాలొస్తే సిగ్గేసిన మాట నిజం.

అసలు గండం ఒక ఆదివారం నాడొచ్చింది. పక్కింటి నాలుగేళ్ల బాబు ఆడుకుంటూ ఆడుకుంటూ మంచం కింద దూరాడు. వీర్రాజు వెనక గోడ. పారిపోవడానికి దారి లేదు. గుర్రుమన్నాడు. వాళ్ల నాన్న కర్రందుకున్నాడు. మా ఆవిడ అడ్డుపడి, ముందు పిల్లాణ్ణి కాళ్లు పట్టి ఇవతలకి లాగి, "గుర్రుమన్నాడు కాబట్టి సరిపోయింది నాయనా, అందుకు కొడితే ఈసారి చెప్పకుండా కరుస్తాడు" అంది. ఆ రోజే మంచం చుట్టూ పిల్లలు దూరకుండా పాత తడక కట్టాం. కుక్క కోసం కాదు, పిల్లాడి కోసం. ఆయన మాతో నెల్లాళ్లు మాట్లాడలేదు. ఆయన కోపంలో అన్యాయమేమీ లేదు.

దీపావళికి మాత్రం ఏ సాధనా పనిచెయ్యలేదు. మన చెవికి అందేది 20,000 హెర్ట్జ్ దాకా, కుక్క చెవికి 45,000 దాకా అందుతుందిట. వాడికి వినపడే దీపావళి ఏమిటో మనకేం తెలుసు! లోపలిగది తలుపులేసి, ఫ్యాను పెట్టి, పక్కనే కూచున్నాను. ఓదారిస్తే భయం ముదురుతుందంటారు కొందరు. ఏడ్చే పిల్లకి వీపు నిమిరితే ఏడుపు నేర్చుకుంటుందా?

ఇప్పుడు తెల్లవారుజామున అయిదింటికి, వీధిలో సందడి లేనప్పుడు, ఛాతీ చుట్టూ వచ్చే పట్టీతో బయల్దేరుతున్నాం. బెదిరి వెనక్కి గుంజుకుంటే మెడపట్టీలోంచి తల జారిపోతుంది, ఇందులోంచి అంత తేలిగ్గా జారదు. వీధి చివరి దీపస్తంభం దాకా వెళ్తాడు. ఆ పైన తనే వెనక్కి తిరుగుతాడు, నేనూ తిరుగుతాను. చీపురు మీద ఇప్పుడు పడుకుంటున్నాడు కూడాను. హెల్మెట్టు గొడవ మాత్రం ఇంకా తేలలేదు. పాలపేకెట్లబ్బాయి రోజూ గేటవతలే బండాపి, హెల్మెట్టు తీసి సీటు మీద పెట్టి, మొహం అటు తిప్పుకుని గోడమీద పేకెట్టు పెడుతున్నాడు. ఈమధ్య వీర్రాజు మెట్టు మీద నిలబడి చూస్తున్నాడు. ఇంకా మెట్టు దిగలేదు.