తాళంచెవి మంచిదే

సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు చాలామంది కవితలు ఇచ్చారు. మా గదిలో నలుగురికీ కవిత్వం రాదు. అందుకే గత నవంబరులో మేం చేసిన ఒక పొరపాటు గురించి రాస్తున్నాం.

మన హాస్టల్లోనే చదువుకున్న ఒక అన్న ఇప్పుడు కొట్టుతో పాటు వెబ్ స్టోర్‌లోనూ ఊరగాయలు, పొడులు అమ్ముతున్నారు. స్టోర్ వూకామర్స్‌తో కట్టినది. కొట్లో సీసా అమ్ముడైతే స్టోర్‌లో లెక్క తగ్గదు. అయిపోయిన ఆవకాయకు ఆర్డర్లు రావడం, డబ్బు వాపసు ఇవ్వడం. "రెండింటినీ కలిపే ప్రోగ్రాం రాయండి తమ్ముళ్ళూ" అని 3,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చారు. దాంతో మాలో ఇద్దరం పరీక్ష ఫీజు కట్టేశాం. పని కాకపోతే తిరిగిచ్చే దారి లేదు.

ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంను వివరాలు అడిగే దారిని ఏపీఐ అంటారు. అడిగేవాళ్ళకు స్టోర్ రెండు తాళంచెవులు ఇస్తుంది: కన్స్యూమర్ కీ, కన్స్యూమర్ సీక్రెట్. సీక్రెట్ తెరమీద ఒక్కసారే కనిపిస్తుంది. వాటిని కాపీ చేసే పని మా గదిలోని ఫస్టియర్ తమ్ముడికి అప్పజెప్పాం.

ప్రోగ్రాం నడవలేదు. రెండు రాత్రులు కోడ్ తిరగేశాం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మరో సీనియర్‌కు ఫోన్ చేస్తే, "మీ కోడ్ పక్కన పెట్టి పోస్ట్‌మన్‌తో నేరుగా స్టోర్‌నే అడగండి" అన్నారు. పోస్ట్‌మన్ 2012లో అభినవ్ అస్థానా మొదలుపెట్టిన సాధనం. చిరునామా రాసి బటన్ నొక్కితే అవతలివాళ్ళ జవాబు ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

మొదట 404 వచ్చింది, అంటే ఆ గది నంబరే లేదన్నమాట. వర్డ్‌ప్రెస్‌లో పెర్మాలింకులు 'ప్లెయిన్'లో ఉన్నాయి. 'పోస్ట్ నేమ్'కు మార్చాక అది పోయింది. వెంటనే 401. అంటే నువ్వెవరో తెలియదు, లోపలికి రావద్దని.

ఇక్కడే తప్పు చేశాం. 401 అంకె చూసి ముగ్గురం ఆ తమ్ముడి మీద పడ్డాం. "ఒక్క అక్షరం కూడా సరిగ్గా కాపీ చేయలేవా?" అన్నాం. వాడు ఏమీ అనలేదు. రెండు రోజులు మెస్సులో మా పక్కన కూర్చోలేదు. మేం కొత్త తాళంచెవులు తీసి పెట్టాం. మళ్ళీ 401.

మళ్ళీ ఫోన్ చేశాం. "కావాలని ఒక తప్పుడు కీ పెట్టి చూడండి" అన్నారు సీనియర్. పెట్టాం. జవాబు మారలేదు! అప్పుడు గానీ 401 కింది వాక్యం చదవలేదు. కీ తప్పయితే 'కీ చెల్లదు' అని రావాలి. మాకు వస్తున్నది 'క్షమించండి, మీరు ఈ జాబితా చూడలేరు' అని. అంటే స్టోర్ మా కీని చూడనే లేదు. మనం గేటు దగ్గర ఐడీ కార్డు ఇస్తే, వాచ్‌మన్ దాన్ని జేబులో వేసుకుని ఆఫీసుకు ఉత్త చేతులతో పంపినట్టు. ఆథరైజేషన్ అనే హెడర్‌ను సర్వర్ మధ్యలోనే వదిలేస్తోంది.

పరీక్ష కోసం తాళంచెవులను చిరునామా చివరే తగిలించాం. 200 వచ్చింది, ఆవకాయ, గోంగూర, కంది పొడి ధరలతో సహా! ఆ దారినే ఉంచుకోకూడదు, సీక్రెట్ సర్వర్ లాగుల్లో పడిపోతుంది. అందుకే హెడర్‌ను లోపలికి పంపే ఒక లైను సర్వర్ సెట్టింగుల ఫైల్లో చేర్పించాం.

తర్వాత తమ్ముడు కాపీ చేసిన పాత తాళంచెవులు పెట్టి చూశాం. వాటికీ 200 వచ్చింది. వాడు ఒక్క అక్షరం కూడా తప్పు రాయలేదు.

ముగ్గురం మెస్సుకు వెళ్ళి చెప్పాం. "పోనీలే అన్నా" అన్నాడు, తల ఎత్తకుండానే. రాత్రి వాడే ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చి, "34 సరుకులుంటే 10 వచ్చాయేంటి?" అని అడిగాడు. మేం గమనించనే లేదు. వూకామర్స్ మామూలుగా పేజీకి 10 చొప్పునే ఇస్తుందట, అడిగితే 100 దాకా ఇస్తుందట. అది కూడా వాడే వెతికి పెట్టాడు.