బంగళా నవలల్లో బోళ్ళు తోమేదెవరు?



పోయిన వారం అమీర్‌పేట హాస్టళ్ళ గురించి రాస్తే, యూనివర్సిటీ తమ్ముడొకడు ఇలా అడిగాడు: "అన్నా, పట్నం పెద్దోళ్ళ మీద తెలుగుల గన్ని నవలలున్నయి గదా. అవి మనం చదవాల్నా, పక్కన పెట్టాల్నా?"

చదవాలి తమ్ముడూ. ఎందుకు చదవాలో, ఎట్లా చదవాలో ఈ వారం మాట్లాడుకుందాం.

ముందు వాటికి ఇవ్వాల్సిన మర్యాద ఇద్దాం. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. అంతకు ముందే, 1971లో, అదే జంటతో కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమ్‌నగర్' సినిమాగా వచ్చింది. రెండింటికీ నిర్మాత రామానాయుడే, దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావే. డబ్బు లేదు గానీ ఆత్మాభిమానం ఉన్న అమ్మాయి, కారూ మేడా ఉన్న అబ్బాయి. ఆమె అతని దగ్గర సెక్రటరీగా చేరుతుంది. అద్దె పుస్తకాల షాపుల్లో ఈ నవలల కోసం ఆడవాళ్ళు వంతు వచ్చేదాకా ఎదురుచూసేవారు. ఉద్యోగం చెయ్యొచ్చు, యజమానికి ఎదురు చెప్పొచ్చు అని ఒక తరం ఆడపిల్లలకు అనిపించిందంటే అది చిన్న సంగతి కాదు.

కానీ ఆ అమ్మాయిని జాగ్రత్తగా చూడండి. ఆమె దగ్గర డబ్బొక్కటే లేదు, మిగతావన్నీ ఉన్నాయి. బంగళాలోకి ముందు గుమ్మం నుంచే వెళ్తుంది. సోఫాలో కూర్చుంటుంది. ఇంట్లోవాళ్ళు తాగే కప్పులోనే కాఫీ తాగుతుంది. పేదరికం గురించి ఎవరైనా ఎత్తిపొడుస్తారేమో గానీ, 'మీరేమిటోళ్ళు?' అని మాత్రం అడగరు. రాసినవాళ్ళకీ, అచ్చేసినవాళ్ళకీ, చదివేవాళ్ళకీ అది ముందే తెలుసు. పిలుపుల్లో, వంటింట్లో, పెళ్ళి మాటల్లో తెలుస్తూనే ఉంటుంది. కులం పేరు రాయనంత మాత్రాన కథలో కులం లేనట్టు కాదు. ఎవరూ అడగాల్సిన పనిలేని కులం ఉన్నట్టు.

ఈ మాట నాకు ఏ విమర్శకుడూ చెప్పలేదు. మా చిన్నమ్మ చెప్పింది.

చిన్నమ్మ శ్రీనగర్ కాలనీలో నాలుగిళ్ళలో పనిచేసేది. ఉండేది ఎల్లారెడ్డిగూడ వైపు ఒక్క రేకుల గదిలో. నేను అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తూ కొన్నాళ్ళు ఆ గదిలోనే ఉన్నాను. పొద్దున్నే సత్యసాయి నిగమాగమం ముందు నుంచి, సినిమా ఆఫీసుల బోర్డుల కింద నుంచి నడిచి పనికి పోయేది. ఒక ఇంటావిడ పాత నవలలు పడేస్తుంటే, నేను చదువుకుంటానని మోసుకొచ్చింది. తనకు చదువు రాదు. రాత్రి అన్నం తిన్నాక నేను పైకి చదివితే వినేది.

ఒకరోజు ఒక బంగళా వర్ణన వచ్చింది. హాలు, మేడ మెట్లు, తోట, విందు. చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "అంత పెద్ద బంగ్లల బోళ్ళెవరు తోముతున్నరు బిడ్డా?"

వెతికాను. నౌకరు కాఫీ తెచ్చిపెట్టి వెళ్ళిపోయాడు. డ్రైవరు కారు తలుపు తీశాడు. వాళ్ళకు ఇల్లు లేదు, పిల్లల్లేరు, రాత్రి ఎక్కడికి పోతారో తెలియదు. బోళ్ళు తోమే మనిషి ఆ విందులో అసలు లేనే లేదు.

చిన్నమ్మ గ్లాసు ఆ ఇళ్ళలో సింకు కింద వేరుగా ఉండేది. ఒక అపార్ట్‌మెంట్‌లో పనివాళ్ళు లిఫ్టు ఎక్కొద్దన్నారు. మోకాళ్ళ నొప్పులతో రోజూ నాలుగో అంతస్తు దాకా మెట్లే. పైకి ఎక్కడం అంటే మా ఇంట్లో మొదటి అర్థం అదే.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. అదే కాలనీ చుట్టుపక్కల కిరాయికి ఇల్లు వెతికాను. ఏడిళ్ళు చూశాను. జీతం చెబితే నవ్వు ముఖాలు, ఇంటిపేరు చెబితే మౌనం. ఒకచోట "మేం వెజిటేరియన్లం, మీకు కుదరదు" అన్నారు. లోపల్నుంచి చేపల పులుసు వాసన వస్తోంది. ఇంకోచోట "మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు" అన్నారు. నెల తర్వాత కూడా ఆ టులెట్ బోర్డు అక్కడే వేలాడుతోంది.

ఇది కొత్త కథా కాదు, నా ఒక్కడి కథా కాదు. కొలంబియాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన అంబేడ్కర్‌కు ఉండటానికి గది దొరకలేదు. పార్శీ పేరు పెట్టుకుని పార్శీల సత్రంలో దిగితే, కొద్ది రోజులకే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. 2019 ఏప్రిల్‌లో, ఆయన జయంతికి ఒకరోజు ముందు, మన పంజాగుట్టలో పెట్టిన ఆయన విగ్రహాన్ని అనుమతి లేదని తీసేశారు. అది జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డులో తేలింది. అప్పుడు బరోడాలో మనిషికి చోటు దొరకలేదు, 2019లో పంజాగుట్టలో విగ్రహానికి చోటు దొరకలేదు.

మరి పెద్దింటి కథ మనవైపు నుంచి ఎవరూ రాయలేదా? భాగ్యరెడ్డి వర్మ చిన్నతనంలో హైదరాబాద్‌లో ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరాడు. నవలల్లో కాఫీ పెట్టి మాయమయ్యే నౌకరు ఆయనే అనుకోండి. ఆ నౌకరు మాయం కాలేదు. మన పిల్లలకు బళ్ళు పెట్టాడు, పత్రిక నడిపాడు, 1930ల మొదట్లో 'వెట్టి మాదిగ' కథ రాశాడు. జాజుల గౌరి 'మన్నుబువ్వ', జూపాక సుభద్ర 'రాయక్క మాన్యం' చదవండి. సుభద్రక్క సచివాలయంలోనే ఉద్యోగం చేసింది. 'సెక్రటరీ'నీ, సచివాలయం మెట్లెక్కిన మాదిగ స్త్రీ రాసిన కథలనీ పక్కపక్కన పెట్టి చదివితే, ఎవరికి ఏ తలుపు ఎంత తెరుచుకుందో మీకే తెలుస్తుంది.

చదివి ఊరుకోకండి. మీ అమ్మో, చిన్నమ్మో ఏ ఇంటికి ఏ గుమ్మం నుంచి పోయేదో, ఆమె గ్లాసు ఎక్కడుండేదో, పండుగ మర్నాడు ఏం ఇచ్చి పంపేవాళ్ళో అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాయండి. భాష దిద్దకండి. కామెంట్లలో పెడతారా, మీ గోడ మీద పెడతారా మీ ఇష్టం.

వచ్చే వారం కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టుల గురించి.

జై భీమ్.